బెంగళూరు ధర, బళ్ళారి ధర

పోయిన నెల పెన్షన్ పని మీద మా పాత ఆఫీసుకు వెళ్ళాను. కొత్తగా చేరిన ఒక అమ్మాయి కుర్చీ వేసి, టీ తెప్పించి, నా ఆరోగ్యం గురించి రెండు మాటలు అడిగి, తర్వాత మెల్లగా అసలు విషయానికి వచ్చింది.

"మేడమ్, ఈడనుంచి బెంగళూరికి ట్రాన్స్‌ఫర్ కావాలంటే ఏం చేయాల?"

"నాకు తెలిసుంటే నేనే పోయుండనా తల్లీ?" అన్నాను.

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు. బళ్ళారిలో ధరలు రాసే ఉద్యోగంలో చేరి, బళ్ళారిలో ధరలు రాస్తూనే రిటైరయ్యాను. నాతోబాటు అదే రోజు చేరిన వనజాక్షి బెంగళూరు వెళ్ళింది. నా ఉద్యోగ జీవితాన్ని ఇంతకన్నా చిన్నగా చెప్పడం నాకు చేతకాదు. ఆ అమ్మాయి ముఖం చూశాక మాత్రం కొంచెం పెద్దగా చెప్పాలనిపించింది. ఇంక్రిమెంట్లు, సీనియారిటీ గొడవలు రాయను, అవి ఎవరికైనా ఒకటే. పని నిజంగా ఎట్లా ఉంటుందో, ఆ పనిలో ఒక మనిషి ఇంకో మనిషిని చూసి ఎట్లా కుళ్ళుకుంటుందో, కుళ్ళుకుంటూనే ఏం నేర్చుకుంటుందో అది రాస్తాను.

మేం చేసే పని

బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, సబ్బు, బస్సు చార్జీ, కటింగు, ఇంటి బాడిగ. మామూలు సంసారం దేని మీద డబ్బు పెడుతుందో వాటన్నిటి ధరలు నెలనెలా రాసి పంపడం మా పని. బెంగళూరు, మైసూరు, హుబ్బళ్ళి, మంగళూరు, బళ్ళారి, ఇట్లా ఊరూరా మాలాంటివాళ్ళు అవే వస్తువుల ధరలు రాస్తారు. అన్నీ బెంగళూరు ఆఫీసుకు చేరతాయి. ఒకే రాష్ట్రంలో ఏ ఊళ్ళో బతకడానికి ఎంత అవుతుందో అక్కడ పక్కపక్కన పెట్టి చూస్తారు. కూలీ రేట్లు, భత్యాలు మాట్లాడుకునేవాళ్ళకు ఆ అంకెలే ఆధారం.

మాకు పని నేర్పింది గురురాజ్ సార్. ధార్వాడ వైపు మనిషి. కన్నడమే ఇంటి మాట, మాతో మాత్రం పట్టుబట్టి తెలుగులో మాట్లాడేవారు. మొదటి రోజే నన్నూ వనజాక్షినీ బజారుకు తీసుకుపోయారు. బళ్ళారి పెద్ద బజారు పేరు బెంగళూరు రోడ్డు. నా జాతకంలో రాసిన బెంగళూరు అంతే, ఆ రోడ్డు వరకే.

"నోడమ్మా, చూడు, అంగడాయన్ని ధర అడిగితే ఆయన నోటికొచ్చింది చెప్తాడు. కొనేవాళ్ళ పక్కన సుమ్నే, ఊరికే నిలబడుకోండి. గవర్నమెంటోళ్ళమని మొగం మీద రాసుకోని పోవద్దండి" అన్నారు సార్.

నాకు అది వెంటనే పట్టుబడింది. నేను మిషన్ కాంపౌండులో పెరిగిన పిల్లను. మా నాయన ఆసుపత్రిలో కాంపౌండరు, ఊళ్ళో సగం మందికి మందు కట్టి ఇచ్చిన మనిషి. ఏ అంగడికి పోయినా "కాంపౌండరప్ప కూతురు" అని స్టూలు వేసేవాళ్ళు. ఎవరి తూకం నమ్మకం, ఎవరు పండగ ముందు ధర పెంచి తర్వాత దించరు, ఎవరి భార్య గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే నిజం బయటికొస్తుంది, అన్నీ ఏడాది తిరక్కుండానే తెలుసుకున్నాను.

వనజాక్షిది తెక్కలకోట. వరి పండించే పెద్ద కుటుంబం. బజారు ఆమెకు తెలియదు గానీ వస్తువు తెలుసు. నాలుగు బియ్యం గింజలు నోట్లో వేసుకుని కొరికి, "ఇవి కొత్తవి సుగుణా, పోయినసారి మనం రాసింది పాతవి. ఇదీ అదీ ఒగటి కాదు" అనేది. ఊళ్ళ మధ్య పోలికలో అసలు కష్టం అదే. కంప్లి దగ్గర పండిన సోనా మసూరి బళ్ళారిలో గోనెసంచిలో ఉంటుంది. అదే బియ్యం బెంగళూరులో మెరుగు పట్టి, బొమ్మ వేసిన సంచిలో కూర్చుంటుంది. రెండింటి పేరూ ఒకటే. వస్తువు ఒకటేనా? ఈ ప్రశ్న వదిలేసి ధరలు పోల్చడం బెంగళూరు గుర్రానికీ బళ్ళారి గాడిదకూ ధర కట్టి, రెండూ నాలుగు కాళ్ళవే కదా అన్నట్టు ఉంటుంది.

ఇది నేను చెప్పింది కాదు, వనజాక్షి చెప్పింది. అప్పటినుంచే మొదలైంది నాకు ఆ కుళ్ళు.

మంచిగా పనిచేయడంలో ఉన్న ప్రమాదం

కొన్నేళ్ళకు బెంగళూరు ఆఫీసులో ఒక ఖాళీ వచ్చింది. వచ్చిన ధరలను సరిచూసే పని. మా ఇద్దరిలో ఒకరి పేరు పంపాలి. బజారు పనిలో నేను ముందున్నానని ఆఫీసులో అందరికీ తెలుసు. నేను మనసులో పెట్టె సర్దుకున్నాను కూడా. మా ఆయన మిషన్ స్కూల్లో టీచరు. బెంగళూరులో స్కూళ్ళకేం తక్కువ అని ఆయనా ఆశపడ్డాడు.

సార్ వనజాక్షి పేరు పంపారు.

నేను నేరుగా ఆయన గదిలోకి పోయి నిలబడ్డాను. "నా పనిలో తప్పేముంది సార్?"

"తప్పేమీ లేదమ్మా. తప్పు లేకుండేదే కష్టమైంది" అన్నారు ఆయన, కళ్ళజోడు తీసి. "నీకు ఊరు తెల్సు. నిన్ను పంపితే బళ్ళారి ఎవురు రాస్తారు? వనజాక్షి పోతే ఈడ స్వల్ప ఇబ్బంది అయితాది, అంతే. నువ్వు పోతే పని నిలిచిపోతాది."

అది పొగడ్త అనుకుని ఇంటికి వచ్చాను. వంట చేస్తున్నప్పుడు అర్థమైంది, అది శిక్ష అని. చిన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. నువ్వు లేకపోతే నడవదు అనిపించుకున్న చోటే నిన్ను మేకు కొట్టి ఉంచుతారు. గురురాజ్ సార్ మంచి గురువు. మంచి అధికారి మాత్రం కాదు. తన టేబులు మీద పని ఆగకూడదన్నదే చూశారు గానీ, ఎదురుగా నిలబడ్డ మనిషి ఏమవుతుందో చూడలేదు.

వనజాక్షిని రైలెక్కించడానికి స్టేషన్‌కు పోయాను. ఆమె కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నాకు భయంగా ఉండాది సుగుణా. నువ్వు పోవాల్సింది, నేను పోతాండా" అంది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఏడ్చిన కారణాలు వేరు.

పట్టికలో గడి లేని వస్తువు

తర్వాత శిక్షణ కోసం కొన్నాళ్ళు నన్ను బెంగళూరు పిలిపించారు. వనజాక్షి తన ఇంట్లోనే ఉండమంది. నేను ఒక ఆశతో వెళ్ళాను. ఆమె ఇరుకుగా, అవస్థగా ఉండి ఉంటుందని ఆశ.

నిజంగానే ఇరుకు. రెండు గదులు, పగలు కూడా లైటు వేసుకోవాలి. నీళ్ళు ట్యాంకరులో వస్తాయి. ఆఫీసుకు రెండు బస్సులు మారాలి. జీతంలో పెద్ద ముక్క బాడిగకే పోతుంది. బళ్ళారిలో మా ఇంటికి ముందు గచ్చు, వెనక వేపచెట్టు, పావుగంట నడిస్తే ఆఫీసు. లెక్క ప్రకారం నేనే సుఖంగా ఉన్నాను. ఊళ్ళ మధ్య బతుకు ఖర్చు పోల్చడం నా వృత్తి, ఆ మాత్రం లెక్క నాకు వచ్చు. అయినా ఆ చీకటి గదుల్లో కూర్చుని కూడా నాకు అసూయే కలిగింది.

ఎందుకో మరునాడు తెలిసింది. వనజాక్షితో కూరగాయలకు పోతుంటే వీధి మలుపులో ఒక బోర్డు కనిపించింది. మాట సరిగా రాని పిల్లలకు మాట నేర్పే డాక్టరమ్మ క్లినిక్కు. నేను అక్కడే ఆగిపోయాను.

మా అమ్మాయి శీలకు నత్తి. తెలివైన పిల్ల, కానీ స్కూల్లో పేరు చెప్పమంటే "శీ... శీ..." అని ఆగి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకునేది. బళ్ళారిలో చూపించని డాక్టరు లేడు. "పెద్దయితే పోతాదిలే" అనేవాళ్ళు. నాలుక కింద తేనె రాయమన్నవాళ్ళు, గులకరాయి పెట్టమన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇట్లాంటి వైద్యం చేసే మనిషి ఒకరుంటారని, అది ఒక చదువని అప్పట్లో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇక్కడేమో వనజాక్షి దాని ముందునుంచి రోజూ బెండకాయలకు పోతోంది.

లోపలికి పోయి ఫీజు అడిగాను. పెద్ద ఖరీదేం కాదు. కానీ వారానికి రెండుసార్లు రావాలి, నెలల తరబడి. బళ్ళారినుంచి రాత్రి రైలు, పిల్ల స్కూలు, నా సెలవు, అన్నీ కలిపితే అది మేం అందుకోగల ధర కాదు.

మా పట్టికల్లో ఈ సంగతికి గడి లేదు. రెండు ఊళ్ళలోనూ దొరికే వస్తువు ధరనే పోలుస్తాం. ఒక ఊళ్ళో దొరికి ఇంకో ఊళ్ళో అసలు దొరకనిది పోలికలోకే రాదు. కాబట్టే కాగితం మీద బళ్ళారి ఎప్పుడూ చౌకగా కనిపిస్తుంది. లేనిదానికి ధర ఉండదు కదా. శిక్షణలో ఈ మాట లేచి అడిగాను. చెప్పే ఆయన "గుడ్ పాయింట్" అని తర్వాతి పేజీ తిప్పారు.

వనజాక్షికి నేనేమీ చెప్పలేదు. ఆమే కనిపెట్టింది. ఊరికి బయలుదేరేటప్పుడు, "వేసవి సెలవులకు శీలను ఈడికి పంపే. నేను తీసుకపోతా క్లినిక్కుకు. సెలవులయినాక గూడ శనివారాలు చూద్దాం, ఆడకీ ఈడకీ ఎవురో ఒగరు వచ్చేవాళ్ళు ఉంటారు" అంది.

వద్దనడానికి నా నోటికి కారణం దొరకలేదు. ఒప్పుకోవడానికి మనసూ రాలేదు. మా ఆయనే, "నీ కోపం పిల్ల గొంతులో పెట్టొద్దు" అన్నాడు. పంపాను.

శీల ఆ వేసవంతా అక్కడే ఉంది. తర్వాత కూడా చాలాసార్లు పోయి వచ్చింది. మాట నెమ్మదిగా దారికొచ్చింది. ఆ ఏడాది క్రిస్మస్ ఆరాధనలో పాస్టరుగారు ఆమెను వాక్యం చదవమన్నారు. సంఘమంతా ఊపిరి బిగబట్టింది. ఎందుకంటే పిల్ల సంగతి అందరికీ తెలుసు. శీల పుస్తకం తెరిచి, ఒక్కో మాటనూ గాలితో ముందుకు తోసినట్టు నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా చదివింది. బెంచీల్లో ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

బయటికొచ్చాక పాస్టరుగారి భార్య పిల్లను దగ్గరికి తీసుకుని, "ఎవరు నేర్పించారమ్మా ఇంత బాగా?" అంది.

"వనజ అత్త" అంది శీల. నత్తి లేకుండా.

దేవుడికి కృతజ్ఞతలు చెప్పాల్సిన పూట నేను వనజాక్షి మీద మండిపోయాను. నా బిడ్డ మొదటిసారి తడబడకుండా చెప్పిన పేరు నాది కాదు.

గనుల కాలంలో ఒక గది

కొన్నేళ్ళకు బళ్ళారి చుట్టూ ఇనుప గనులు ఊపందుకున్నాయి. రోడ్లన్నీ ఎర్రదుమ్ము, లారీలు. ఎక్కడ చూసినా కొత్త మనుషులు. అందరికీ ఉండడానికి గది కావాలి. ఇంటి బాడిగలు ఒక్కసారిగా లేచాయి.

బాడిగలకు మేం కొన్ని ఇళ్ళు పెట్టుకుని, ఎప్పుడూ అవే ఇళ్ళకు పోతాం. అందులో ఒకటి కౌల్ బజారులో ఎర్రిస్వామి అనే ఆయనది, ఒంటిగది ఇల్లు. షమీమ్ అనే ఆమె అందులో ఎన్నో ఏళ్ళుగా బాడిగకుండి జీన్స్ ప్యాంట్లు కుట్టేది. గనుల జోరులో ఎర్రిస్వామి ఆమెను ఖాళీ చేయించి గదిని లారీవాళ్ళకిచ్చాడు. మా నియమం ప్రకారం ఇల్లు ముఖ్యం, మనిషి కాదు. కొత్తగా చేరినవాళ్ళు ఎంత కడుతున్నారో రాయాలి. రాశాను. ఇట్లాంటివే ఇంకొన్ని ఇళ్ళు. అన్నీ కలిపితే ఆ నెల బళ్ళారి బాడిగ మైసూరును దాటింది.

బెంగళూరునుంచి ప్రశ్న వచ్చింది. "మైసూరుకన్నా బళ్ళారి ఖరీదా? ఈ ఇళ్ళు అసాధారణంగా ఉన్నాయి. తీసేసి వేరే ఇళ్ళు తీసుకోండి." కింద సంతకం వనజాక్షిది.

నాకు ఒళ్ళు మండింది. ఫోన్ చేశాను.

"ఇల్లు తీసేస్తే బాడిగ తగ్గుతాదా వనజా? షమీమ్ లాంటోళ్ళు రోడ్డున పడింది కాగితంలో కనపడకూడదనా? నువ్వు ఆడ కూర్చోని బళ్ళారి మరిచిపోయినావు."

"సంతకం నాది, మాట మా సాహెబుది. ఆయనకు బళ్ళారంటే ఎండ, దుమ్ము, అంతే. నీ అంకె నిలబెట్టాలంటే నేను కండ్లారా చూసినానని చెప్పాల. వస్తాండా" అంది.

వచ్చింది. స్టేషన్‌లో దిగగానే నేను చూసింది ఆమె చెప్పులు. ఎంత మెత్తగా, ఎంత తేలిగ్గా ఉన్నాయో. అట్లాంటివి మా బజారులో దొరకవు.

ఇద్దరం ఎర్రిస్వామి దగ్గరికి పోయాం. ఆయన నన్ను చూడగానే లేచాడు. "రండి మేడమ్, ఇంత ఎండలో! బాడిగనా? పోయినసారి చెప్పినట్లే ఉండాది, రూపాయి పెంచలేదు" అన్నాడు. నేను వనజాక్షి వైపు గెలిచినదానిలా చూశాను. నా అంకె సరే కదా అని.

సాయంత్రం ఆమె నన్ను వీధి చివర నిలబెట్టి, ఒక్కతే మళ్ళీ పోయింది. బెంగళూరు చీర మార్చి, తెక్కలకోటలో కట్టుకున్నట్టు నూలు చీర కట్టుకుంది. పొద్దున నా వెనకాల నిలబడిన మనిషిని ఎర్రిస్వామి పోల్చుకోలేదు. ఆయన గొంతు పెద్దది, నాకు అన్నీ వినిపించాయి.

"ఏమప్పా, మా అన్న లారీలు నడుపుతాండాడు. డ్రైవర్లకు రూము కావాల. నీదగ్గర ఉండాదంట?"

"ఉండాదమ్మా. మనిషి లెక్క. ఎంతమందుంటే అంత. అడ్వాన్సు ముందే ఇయ్యాల."

"ఇప్పుడుండేవాళ్ళు ఎంత ఇస్తాండారు?"

ఆయన చెప్పాడు. నేను రాసినదానికి దాదాపు రెట్టింపు.

వనజాక్షి తిరిగొచ్చి నా ఎదుట నిలబడింది. గొంతులో గెలుపేమీ లేదు. "నువ్వు రాసింది ఎక్కువ కాదు సుగుణా. తక్కువ."

"నాకెందుకు అబద్ధం చెప్పినాడు? వాళ్ళమ్మకు మా నాయన మందు కట్టినాడు కదా" అన్నాను, పిచ్చిదానిలా.

"అందుకే చెప్పినాడు. నీ ముందర చెడ్డోడు కాకూడదని. ఊరంతా నిన్ను ఎరుగుదురు. అందరూ నీకు మంచి ధరే చెప్తాండారు."

ఇన్నేళ్ళూ నా బలం అనుకున్నదే నా కంటికి గంత అయింది. ఊరు తెలియడం గొప్పే. కానీ ఊరికి మనం తెలిసిపోయాక, జనం మనకు ధర చెప్పరు, మర్యాద చెబుతారు. ఈ పనిలో ఉన్నవాళ్ళు కొన్నేళ్ళకోసారి పేటలు మార్చుకోవాలి. నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మరునాడు వనజాక్షి షమీమ్‌ను చూడాలంది. నియమం ప్రకారం అవసరం లేదు. కనుక్కుంటూ పోతే ఊరి బయట కప్పగల్లులో దొరికింది. గది పెద్దదే, బాడిగ తక్కువే. కానీ ప్యాంట్ల కట్టలు ఆటోలో వేసుకుని రోజూ కౌల్ బజారుకు రావాలి, కుట్టినవి తిరిగి ఇవ్వాలి.

"బాడిగ మిగిల్తాంది ఆపా" అంది షమీమ్, మాకు టీ పోస్తూ. "మిగిలింది ఆటోకు పోతాంది. ముందు కూతురు పక్కనుండే స్కూలుకు పోతాండె. ఇప్పుడు నాతో కుడతాంది."

ఆ కూతురు మూలన మిషన్ ముందు కూర్చుని మా వైపు తల తిప్పకుండా కుడుతోంది. మా శీలకన్నా కాస్త చిన్నది. వనజాక్షి టీ గ్లాసు కింద పెట్టి చాలాసేపు ఆ పిల్లనే చూసింది. మేం చేయగలిగింది ఏమీ లేదు. అంకె సరిగా రాయడం ఒకటే ఉంది.

బెంగళూరు వెళ్ళి ఆమె అదంతా రాసింది. బాడిగ ఎంతో చెప్పి ఆగకుండా, మనుషులు ఎక్కడికి నెట్టబడ్డారో, ప్రయాణం ఎంత తింటోందో కూడా. పెద్ద మీటింగులో ఆ రిపోర్టు చదివారట. బళ్ళారి అంకె నిలబడింది, పెరిగింది కూడా. తర్వాత మిగతా ఊళ్ళలోనూ బాడిగలను అట్లాగే, బాడిగకు వచ్చినవాళ్ళ మాదిరి అడిగి సరిచూడమన్నారు. ఆ పద్ధతికి మా ఆఫీసుల్లో చాన్నాళ్ళు "వనజాక్షి మేడమ్ పద్ధతి" అన్న పేరు నడిచింది.

రిపోర్టు చివర నా పేరు కూడా ఉంది. సహాయం చేసినవారు అని.

నేనది పట్టుకుని చాలాసార్లు చదివాను. అందులో ఒక్క మాట తప్పు లేదు. ఒక్క మాట తప్పుంటే బాగుండేదని వెతికాను.

ఆమె తిరిగి వచ్చాక

రిటైరైతే ఈ బాధ తీరుతుందనుకున్నాను. ఆమె అక్కడ, నేను ఇక్కడ, ఎవరి పెన్షన్ వాళ్ళది.

పోయినేడు వనజాక్షి ఫోన్ చేసింది. "సుగుణా, మీ వీధి చివర ఇల్లు అమ్మకానికుండాదంటనే?"

"నీకెందుకే?"

"బెంగళూర్లో పెన్షన్‌తో బతికేదానికి అయితాదా? ఈడ ఫ్లాటు అమ్మితే ఆడ ఇల్లు కొని, ఇంకా మిగుల్తాది. మా ఆయన గూడ ఊరికి దగ్గరగా ఉందాం అంటాండాడు."

కొంది. పైన ఒక అంతస్తు కట్టించింది. బాల్కనీలో పూలకుండీలు పెట్టింది. నేను కుర్చీలో కూర్చుని ఆలోచించాను. ఊళ్ళ మధ్య ఖర్చులు పోల్చే పనిలో జీవితమంతా గడిపినవాళ్ళం ఇద్దరం. ఆ పోలికను సొంత బతుకుకు వాడుకున్నది ఒక్కతే. సంపాదన బెంగళూరులో, ఖర్చు బళ్ళారిలో. నా సంపాదనా, నా ఖర్చూ రెండూ బళ్ళారివే. చౌక ఊళ్ళో పుట్టి చౌక ఊళ్ళోనే ఉన్నవాళ్ళకు చౌకలో లాభమేమీ ఉండదు. ఖరీదైన ఊరినుంచి వచ్చినవాళ్ళకే అది లాభం. ఇది నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

శీల మైసూరులో కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఊరికి వస్తే ముందు మా ఇంట్లో బ్యాగు పెడుతుంది, నిజమే. కాఫీ మాత్రం వనజ అత్త ఇంట్లో తాగుతుంది.

మా వీధికి హులిగెమ్మ అనే ఆమె కూరగాయల బండి తోసుకొస్తుంది. వనజాక్షి వచ్చిన కొత్తలో బండి దగ్గర నిలబడి, ఏది అడిగినా "అయ్యో, ఇంత చౌకనా!" అని గట్టిగా అనేది. అమ్మేవాళ్ళ ముందర ఆ మాట అనకూడదని ఉద్యోగంలో ఇన్నేళ్ళున్న మనిషికి తెలియదా? తెలుసు. సంతోషం ఆపుకోలేకపోయేది. చూస్తుండగానే మా వీధిలో ధరలు మారిపోయాయి.

మొన్నొక పొద్దున బీన్స్ ధర అడిగి అదిరిపడ్డాను.

"ఏంది హులిగెమ్మా ఇది? పక్క వీధిలో ఇంత లేదు కదా?"

"ఆ వీధి వేరే మేడమ్" అంది ఆమె, తక్కెడ తుడుస్తూ. "ఈడ బెంగళూరు మేడమ్ ఉండారు."

"ఆమెకు ఆమె ధర చెప్పు. నాకు నా ధర చెప్పు."

"ఒగే వీధిలో రెండు ధరలు యాట్ల చెప్పేది మేడమ్? ఆయమ్మ వింటే ఏమనుకుంటాది?"

ఇంతలో ఆయమ్మే మెట్లు దిగి వచ్చింది. నా చేతిలోని బీన్స్ చూసి, "ఇవి ముదిరినాయి, పెట్టే" అని లాక్కుని బండిలో వేసింది. తర్వాత కుప్పలోకి చెయ్యి పెట్టి, ఒక్కో కాయను చివర తుంచి చూస్తూ, లేతవి ఏరి నా సంచిలో వేయడం మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడి చూశాను. ఆ చేతులు ఎంత వేగంగా కదులుతాయో. ఇంత వయసొచ్చినా నాకు ఆ నేర్పు రాలేదు.

చెప్పిన ధరే ఇచ్చాను.

మధ్యాహ్నం భోజనంలో మా ఆయన రెండోసారి కూర వడ్డించుకుని, "ఈరోజు బీన్స్ ఎంత లేతగా ఉన్నాయి! ఎవరు ఏరినారు?" అన్నాడు.

"నేనే" అన్నాను.